డ్రెస్సర్ బాబు ఇచ్చిన కొస

పత్రికలో నాకు ఇచ్చిన మొదటి పని చనిపోయినవాళ్ళ గురించి మూడు వరుసలు రాయడం. పేరు, వయసు, ఏం ఉద్యోగం చేశారు, పిల్లలెంతమంది, శవయాత్ర ఎన్ని గంటలకు. అంతకు మించి రాస్తే మా పెద్దాయన ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవాడు. ఆ లెక్కన చూస్తే మొన్న ఉదయం నేను చదివిన ప్రకటనలో తప్పేమీ లేదు. మలేసియాలోని తెలుక్ ఇంటాన్‌లో, కూతురి ఇంట్లో, నిద్రలోనే పోయారట. తోటల ఆసుపత్రుల్లో డ్రెస్సర్‌గా పనిచేసి రిటైరయ్యారట. పైన ఒక ఫోటో, మెడ వరకే. ఆయన్ని గుర్తుపట్టడానికి నాకు ముఖం కంటే చేతులు కావాలి. ఫోటోలో చేతులు లేవు.

ప్రకటనలో పేరు ఉంది గానీ నేనిక్కడ రాయను. పేరు తెలియకుండా వినాలన్నది ఆయన పెట్టిన నియమమే.

ఆ చేతులు ఎప్పుడూ పచ్చగా ఉండేవి. పుండ్ల మీద పూసే మందు రంగు. గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో పట్టేసి ఎంత తోమినా పోయేది కాదు. ఆయన తోమడం మానేవాడూ కాదు. గాయం కట్టే ముందు తోమేవాడు, కట్టాక తోమేవాడు, ఎవరైనా పద్యం రాసిన కాగితం ఇస్తే దాన్ని పుచ్చుకునే ముందు కూడా కుళాయి దగ్గరికి నడిచేవాడు. ఇచ్చినవాడు కాగితం పట్టుకుని అలా నిలబడి ఉండాల్సిందే.

"కాయితానికి కూడా సబ్బేనా బాబూ?" అని ఒకసారి అప్పలసూరి అడిగాడు.

"పుండు ముట్టుకునే ముందు ఎందుకు కడుగుతానో ఇదీ అందుకే" అన్నాడాయన. "మనవల్ల పాడవకూడదు."

రబ్బరు తోటల్లో డాక్టరు నెలకోసారి కారులో వచ్చి వెళ్ళేవాడు. మిగతా రోజులన్నిటికీ డ్రెస్సరే డాక్టరు. మా డ్రెస్సర్ బాబుకి ఐదు తోటలు ఉండేవి. సైకిలు వెనక మందుల పెట్టె, తలమీద టోపీ, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. కోత కత్తి తగిలిన వేళ్ళు, జెర్రి కుట్టిన కాళ్ళు, పిల్లల తలపుండ్లు, చలిజ్వరాలు. ఒక్కో తోటకి వారంలో ఒక రోజు. వెళ్ళిన ప్రతిచోటా మందుతో పాటు ఒక పద్య పాదం వదిలి వచ్చేవాడు. ఆటవెలదిలో చివరి పాదం. దాన్ని సమస్య అంటారని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. తోటలో ఎవరూ ఆ మాట వాడేవారు కాదు. కొస అనేవారు.

"ఈ వారం కొస ఏటి బాబూ?"

కొస చెప్పేవాడు. రెండు వేళ్ళతో మాత్రల డబ్బా మీద తాళం వేసేవాడు, ఒక పెద్ద దెబ్బ, ఒక చిన్న దెబ్బ, ఒక పెద్ద దెబ్బ, ఒక చిన్న దెబ్బ. గణాల పేర్లు ఎవరికీ నేర్పలేదు. చెవికి ఎక్కేదాకా కొట్టేవాడు. పైన మూడు పాదాలు అల్లుకుని తేవడం మిగతావాళ్ళ పని. రాయడం వచ్చినవాళ్ళు రాసుకొచ్చేవారు. రానివాళ్ళు కట్టు కట్టించుకుంటూ చెబితే ఆయనే పాత మందు చీటీల వెనక రాసిచ్చేవాడు. తాళం తప్పినదాన్ని కూడా ఎప్పుడూ బాగోలేదని అనలేదు. "దీనికి ఇంకో మోతాదు పడాలి" అనేవాడు. అన్నాక ఆ రాసినవాడితో పాటు కూర్చుని ఆ మోతాదు పడేదాకా లేచేవాడు కాదు.

తాను మాత్రం ఒక్క పద్యం రాయలేదు. నేను అడిగితే, "మందు కలిపేవాడు తాగడం మొదలెడితే నీకు మిగలదోయ్" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఐదు తోటలవాళ్ళూ పెద్ద తోట ఆసుపత్రి వరండాలో చేరేవారు. చీటీలన్నీ ఒక బిస్కట్ల డబ్బాలో వేసి కలిపేవారు. ఒక్కొక్కరే చెయ్యి పెట్టి ఒకటి తీసి చదవాలి. తనది తనకి వస్తే మళ్ళీ వెయ్యాలి. ఎవరిదో చెప్పకూడదు, అడగకూడదు. ఆ తోటల్లో కిరాణీలు, అంటే గుమస్తాలు, కుర్చీల్లో కూర్చునేవారు. రబ్బరు చెట్లకి పాలు గీసేవాళ్ళు నేలమీద కూర్చునేవారు. కుర్చీలోవాడి పద్యాన్ని నేలమీద ఉన్నవాడు చదివితే కుర్చీలోవాడు చేతులు కట్టుకుని వినాల్సి వచ్చేది. అందుకే పెట్టాడు ఆ నియమం.

"పేరు చెప్పారంటే పద్యం వినరు. పేరునే వింటారు" అనేవాడు.

నేను అప్పటికి ఊళ్ళో ఒక దినపత్రికకి వార్తలు పంపుతున్నాను. మా నాన్న ఆ తోటల్లో ఒకదానికి కిరాణీ. ఆదివారాలు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేవాణ్ణి. వార్త కోసం కాదు. ఒక మనిషి తడబడుతూ చదువుతుంటే ముప్ఫైమంది పెదాలు కదుపుతూ అతన్ని ఒడ్డుకి చేర్చడం నేను ఇంకెక్కడా చూడలేదు.

నియమం ఎంత ఉన్నా, బాగున్న పద్యం వస్తే అందరూ అప్పలసూరి వంక చూసేవారు. అతను పాలు గీసే మనిషి, మూడో తరగతి దాకా తోట బడిలో చదివాడు. కోడి కెలికినట్టుండే అక్షరాలు. ఆ అక్షరాల్లోనే ఎప్పుడూ మంచి పద్యం ఉండేది. అందరూ చూస్తే అతను తల వంచుకుని కాలి వేలితో నేల గీసేవాడు. మహా సిగ్గరి అనుకునేవాళ్ళం.

అతని భార్య నరసమ్మ ఆడవాళ్ళతో పాటు వెనక కూర్చునేది. కూతురి తలలో పుండుకి మందు వేయించే మిషతో వచ్చేది. అక్షరం ముక్క రాదు. ఒక ఆదివారం డ్రెస్సర్ బాబు ఆ కోడిగీతల చీటీలో ఒక మాట మార్చి చదివాడు. వెనక నుంచి నాలుక చప్పుడు వినిపించింది.

"ఆ మాటే ఉంచాల్సింది బాబూ. మీది నున్నగుంది గానీ నమలడానికి పంటికింద ఏటీ లేదు" అంది నరసమ్మ.

వరండా అంతా నవ్వింది. "మొగుడి పద్యానికి పెళ్ళాం వకీలు లా" అన్నాడు పెద్ద కిరాణి. ఆయన పెనాంగ్‌లో చదువుకున్నవాడు, అయినా మాట చివర ఆ మలాయి ఊతపదం 'లా' లేకుండా ఆయనకి వాక్యం ముగిసేది కాదు. డ్రెస్సర్ బాబు నవ్వలేదు. చీటీ మళ్ళీ చూసి, పాత మాటే పెట్టి, మొదటినుంచి చదివాడు. అప్పలసూరి కాలి వేలు ఆగిపోయింది. నేను గమనించాను. వార్తలు రాసేవాడికి గమనించడం వస్తుంది. అది ఏమిటో అర్థం కావడం వేరే.

తెల్ల ప్రభుత్వం మీద కమ్యూనిస్టులు అడవుల్లోంచి తిరగబడి, మలయాలో ఎమర్జెన్సీ వచ్చాక తోటల చుట్టూ ముళ్ళ కంచెలు లేచాయి. చెదురుమదురుగా ఉన్న కూలీల లైన్ ఇళ్ళన్నీ పీకేసి జనాన్ని ఒక్కచోటికి చేర్చారు. అడవిలో ఉన్నవాళ్ళకి తిండి అందకూడదని ప్రభుత్వం ఉద్దేశం. బియ్యం ఇంట్లో ఉండకూడదు, అందరికీ ఒకేచోట వండి పెట్టేవారు. చేపల డబ్బాలకి కూడా దుకాణంలోనే చిల్లు పొడిచి ఇచ్చేవారు, దాచుకోకుండా. తెల్లవారి పాలు గీయడానికి వెళ్ళేవాళ్ళని గేటు దగ్గర నిలబెట్టి కొంగులూ పంచెలూ తడిమేవారు. ఒక ముద్ద అన్నం బయటికి పోయిందంటే జైలు. ఖాళీ కడుపుతో వెళ్ళి, పొద్దెక్కాక తిరిగొచ్చి తినాలి.

కంచె వేసిన కొత్తలో ఒక ముసలమ్మ మేక అవతలే ఉండిపోయింది. ఆవిడ కంచె పక్కన కూర్చుని, కాపలావాడు అటు తిరిగినప్పుడు తన కంచంలోంచి ముద్ద తీసి ముళ్ళ సందులోంచి దానికి పెట్టడం డ్రెస్సర్ బాబు కంటపడింది.

"మేక వైపు నుంచి చూడవోయ్" అన్నాడు నాతో. ఆ వారం కొస అదే.

ముళ్ళ కంచె దాటి ముద్ద వచ్చె.

పెద్ద కిరాణి అది విని కుర్చీలోంచి లేచాడు. "ఈ కొస వద్దు డ్రెస్సర్ గారూ. కాలం బాగాలేదు లా. ఇంకోటి ఇవ్వండి."

"పద్యానికి కూడా కర్ఫ్యూ పెట్టారా?"

"నేను చెప్పేది చెప్పాను."

"ఇది మేక సంగతి సార్" అని నవ్వాడు డ్రెస్సర్ బాబు. ఐదు తోటలకీ అదే ఇచ్చాడు. మంచి కొస దొరికిందన్న సంతోషంలో ఉన్నాడు. ఆ సంతోషానికి ఆయన తర్వాత ఎన్నడూ తనని తాను క్షమించుకోలేదు.

గురువారం పొద్దున్న గేటు దగ్గర అప్పలసూరి నడుం మడతలో ఒక చీటీ దొరికింది. పోలీసులు చదవలేని లిపి. మధ్యాహ్నానికి మిగతా తోటలు కూడా సోదా చేశారు. మొత్తం పదకొండు చీటీలు. వేర్వేరు తోటలు, వేర్వేరు చేతిరాతలు, కొన్ని డ్రెస్సర్ బాబు చేతిరాత. కింద పాదం మాత్రం పదకొండింట్లోనూ ఒక్కటే. లిపి రాకపోయినా ఆ పోలిక కంటికి కనిపిస్తుంది. పదకొండుమందినీ ఠాణాకి తీసుకుపోయారు.

ఆ ప్రాంతంలో ఇంగ్లీషూ తెలుగూ రెండూ రాయగలిగినవాళ్ళు కొద్దిమందిమి. నాకు కబురొచ్చింది. ఆ ఠాణా ఏ ఊళ్ళోదో, ఆ తెల్ల అధికారి ఎవరో ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు. కోపిష్టి కాదు, అరవలేదు. చీటీలు వరుసగా బల్లమీద పరిచి, ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాడు. పదింట్లో దేవుడు, ఎలక, పసిపిల్ల, ముసలమ్మ మేక. పదకొండోది అప్పలసూరి దగ్గర దొరికింది.

కడుపు కాలి నేను కత్తితో నడవగ
గోరువంక యొకటి కొమ్మ మీద
ఏటి తెచ్చినావె యెవరికే యడిగితి
ముళ్ళ కంచె దాటి ముద్ద వచ్చె

ఆకలితో పనికి పోతుంటే చెట్టుమీద గోరింక నోట్లో అన్నం మెతుకులు కనిపించాయి. మనిషి తేలేని ముద్దని పిట్ట కంచె దాటించింది. అంతే. ఎంత మంచి పద్యమో చదువుతుండగానే తెలిసిపోయింది. దాన్ని ఇంగ్లీషులో పెట్టాను. పెట్టాక నా వాక్యాలు నేనే మళ్ళీ చదువుకున్నాను. ఆకలితో ఉన్న ఒకడు కత్తి పట్టుకుని నడుస్తున్నాడు. ఎవరికోసం తెచ్చావని ఎవరినో అడుగుతున్నాడు. కంచె దాటి అన్నం వచ్చింది.

"ఈ పక్షి ఎవరు?" అన్నాడు అధికారి.

పక్షేనని చెప్పాను. కత్తి అంటే చెట్టు బెరడు గీసే కత్తి అని చెప్పాను. ఇదొక వినోదమనీ, మావాళ్ళలో పాత అలవాటనీ చెప్పాను. ఆయన రాసుకున్నాడు. ఒకే వాక్యం ఐదు తోటలకి ఎలా చేరిందని అడిగాడు. దానికి జవాబు చెప్పాలంటే డ్రెస్సర్ బాబు పేరు చెప్పాలి. రేపు చెబుతానని తప్పించుకున్నాను. మర్నాడు ఉదయం ఆయనే సైకిలు మీద ఠాణాకి వచ్చేశాడు.

ఉతికిన చొక్కా వేసుకుని, బిస్కట్ల డబ్బా కూడా తెచ్చాడు. డబ్బా బల్లమీద పెట్టి, ఇంగ్లీషులో, "ఆ పాదం నాది. పట్టుకోవాల్సి వస్తే నన్ను పట్టుకోండి" అన్నాడు. రెండు గంటలు ఓపికగా వివరించాడు. ప్రతి చీటీ ఎందుకు, ఎలా. అధికారి అంతా విన్నాడు. ఐదు తోటలకి ఒక్కడే డ్రెస్సర్, ఆయన్ని లోపల వేస్తే తోట దొరలు ఊరుకోరన్న సంగతి కూడా ఆయన మనసులో ఉండి ఉంటుంది. పదిమందిని వదిలేశాడు. పదకొండో చీటీ మాత్రం చేతిలోంచి వదల్లేదు.

"ఇది ఆటే అయితే నా ఎదురుగా ఆడమనండి" అన్నాడు. "కొత్త పాదం ఇవ్వండి. ఇతను పూరిస్తే ఇంటికి పోవచ్చు. నేను తొందరపెట్టను."

న్యాయంగానే ఉంది. డ్రెస్సర్ బాబు ముఖం వెలిగింది. అప్పలసూరికి అదెంత పని? అతన్ని లోపల్నుంచి తెచ్చారు. ఒక కన్ను వాచి ఉంది. డ్రెస్సర్ బాబు ఆ కన్ను చూసి అలవాటుగా ముందుకి అడుగేసి, మళ్ళీ ఆగి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అప్పలసూరీ, కొస ఇస్తున్నాను. పూరించావంటే ఇంటికి. చెట్టు పాలు కారె చినుకు లాగ. విన్నావా? చెట్టు పాలు కారె చినుకు లాగ."

పాలు గీసేవాడికి ఇంతకంటే సులువైన కొస ఉండదు. ఏరి ఏరి ఇచ్చాడు. బల్లమీద రెండు వేళ్ళతో తాళం మొదలుపెట్టాడు. అప్పలసూరి నేల చూస్తూ నిలబడ్డాడు. కాలి వేలు మాత్రం గీస్తోంది.

"తొందర లేదు" అన్నాడు డ్రెస్సర్ బాబు.

అధికారి సిగరెట్టు వెలిగించాడు. అది సగం అయ్యేదాకా తాళం ఒక్కటే వినబడింది.

"నాకు రాదు బాబూ."

"వస్తుంది. మొన్న ఎలా వచ్చింది?"

"మొన్న వచ్చినాది. ఇయాల రాదు."

"ఒక్క పాదం చెప్పు. మిగతా రెండూ అవే వస్తాయి. నీకు తెలియదా?"

అప్పలసూరి తలెత్తాడు. డ్రెస్సర్ బాబు ముఖంలోకి నేరుగా చూశాడు. నేనెరిగిన ఇన్నేళ్ళలో అతను ఎవరి ముఖంలోకీ అలా చూడలేదు.

"బాబూ, ఎవులిదని అడగొద్దన్న నియమం మీరే పెట్టినారు గదా. పదిమందిలో పెట్టినారు. ఇప్పుడు మీరే అడిగితే ఎలాగ?"

తాళం ఆగిపోయింది. పచ్చని రెండు వేళ్ళు బల్లకి అంగుళం పైన నిలబడిపోయాయి. ఆ ఆదివారం వెనక నుంచి వచ్చిన నరసమ్మ నాలుక చప్పుడు ఆ క్షణంలో ఆయనకీ వినబడిందనుకుంటాను. నాకూ వినబడింది.

"ఏమంటున్నాడు?" అని అడిగాడు అధికారి నన్ను.

"ఒంట్లో బాగోలేదంటున్నాడు" అన్నాను. నా జీవితంలో తెలిసి తెలిసి తప్పుగా చేసిన అనువాదం అదొక్కటే.

అధికారి సిగరెట్టు చివరిదాకా తాగి, ఆర్పి, కాగితం మీద ఏదో రాశాడు. అప్పలసూరిని లోపలికి తీసుకుపోయారు.

బయట ఎండలో డ్రెస్సర్ బాబు సైకిలు సీటు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. సీటు కాలుతున్నా చెయ్యి తీయలేదు.

"మళ్ళీ లోపలికెళ్ళి నరసమ్మ పేరు చెప్పనా?" అన్నాడు.

"చెబితే ఆమెని తెస్తారు."

"అతన్ని వదులుతారా?"

"రాసింది ఆమె, మోసింది అతను అంటారు. ఇద్దర్నీ ఉంచుతారు."

"చిన్నపిల్ల ఉంది" అన్నాడు, నాకు తెలియనట్టు. సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూ తోట దాకా వెళ్ళాడు. నేనూ పక్కన నడిచాను.

మేము వెళ్ళేసరికి నరసమ్మ చీర మార్చుకుని, పిల్లని పక్కింటామెకి అప్పజెప్పి, గుమ్మంలో చెప్పులేసుకుంటోంది.

"ఠాణాకే బాబూ. నాదేనని సెప్పేస్తాను. ఆడికి రెండు పాదాలు కలపడం రాదు. నాను సెప్పింది రాస్తాడు, అంతే. అది కూడా తప్పులు రాస్తాడు."

డ్రెస్సర్ బాబు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. జరిగిందంతా చెప్పాడు. అప్పలసూరి అన్న మాట అన్నట్టే చెప్పాడు. ఆమె గోడకి ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ఒక చెప్పు కాలికి, ఒకటి చేతిలో.

"నన్ను ఆపమన్నాడా ఆడు?"

"ఆపమనలేదు. ఆపుతున్నది నేను."

ఆ మాటే ఆ తర్వాత ఆయన నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు. కొస నాది, నియమం నాది, గుమ్మంలో నిలబడినవాణ్ణీ నేనే. నేను ప్రతిసారీ ఏదో ఒకటి చెప్పబోయేవాణ్ణి. ఆయన జవాబు కోసం అనేవాడు కాదు.

అప్పలసూరిని కొన్ని నెలలు శిబిరంలో ఉంచి, ఓడ ఎక్కించి ఇండియా పంపేశారు. అతను ఈ తోటలోనే పుట్టాడు. పుట్టినట్టు కాగితం లేదు. భార్యాపిల్లల్ని కూడా పంపుతామంటే వద్దన్నాడట, అక్కడ తమకి ఎవరున్నారని. వెళ్ళే ముందు ఒకసారి చూడనిచ్చారు, కంచెకి ఇటు ఆమె, అటు అతను, పది నిమిషాలు. ఏం మాట్లాడుకున్నారో నరసమ్మ ఎవరికీ చెప్పలేదు. శ్రీకాకుళం వైపు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇక్కడ నన్ను మలాయివోడంటున్నారు, అని రాశాడు. దానికి నేను రాసిపెట్టిన జవాబు ఐదు నెలలకి తిరిగొచ్చింది. ఆ పేరు గలవారు ఇక్కడ లేరని వెనక ఎవరో రాశారు. మళ్ళీ రాశాం, అదీ తిరిగొచ్చింది. తర్వాత ఏమీ తెలియలేదు.

వరండా ఖాళీ అయింది. ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు, రావడం మానేశారు. డ్రెస్సర్ బాబు తోటలకి వెళ్తూనే ఉన్నాడు. జనం పుండు చూపించేవారు, కట్టించుకునేవారు, కొస ఏటని అడిగేవారు కాదు. ఆదివారాలు ఆయన ఒక్కడే వరండాలో కూర్చుని బిస్కట్ల డబ్బాని సబ్బు పెట్టి కడిగి, తుడిచి, మళ్ళీ పైన పెట్టేవాడు. మాట్లాడుతూ ఉంటే రెండు వేళ్ళు అలవాటు ప్రకారం లేచేవి. వెంటనే రెండో చెయ్యి వచ్చి వాటిని పట్టుకునేది. ప్రకటనలో ఫోటో మెడ దాకానే ఉందని నేను అన్నది అందుకే. ఆయన్ని తలుచుకుంటే నాకు ఒక చేతిని ఇంకో చెయ్యి పట్టుకుని ఉండడమే కనిపిస్తుంది.

ఏళ్ళు గడిచాయి. మా తోటల కంచెలు తీసేశారు, గుంజలు మిగిలాయి. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం పెద్ద తోట మైదానంలో కాగితపు జెండాలు కట్టి, పిల్లలకి పరుగుపందేలు పెట్టి, అందరికీ షర్బత్ పోశారు. ముందు వారమే పౌరసత్వం కోసం తోట ఆఫీసు ముందు బల్ల వేసి పేర్లు రాసుకున్నారు. జనం వరుసలో నిలబడి పేరు, తండ్రి పేరు, పుట్టిన ఊరు చెప్పుకున్నారు. నరసమ్మ కూడా తనదీ కూతురిదీ చెప్పింది. కూతురు అప్పటికి ఆమె భుజం దాకా ఎదిగింది.

షర్బత్ అయ్యాక పెద్ద కిరాణి లేచాడు. జుట్టు నెరిసిపోయింది. "ఇంత పెద్ద రోజున ఒక పద్యం లేకపోతే ఎలా లా. డ్రెస్సర్ గారూ, ఒక కొస ఇవ్వండి."

వద్దన్నవాడే అడిగాడు.

"నేను ఇక కొసలు ఇవ్వను సార్" అన్నాడు డ్రెస్సర్ బాబు. "ఇచ్చినవి చాలు."

"ఇచ్చింది ఒకటి బాకీ ఉంది బాబూ."

నరసమ్మ లేచి నిలబడింది. ఆడవాళ్ళ వరుసలోంచి ఇవతలికి వచ్చింది.

"కంచె కాడ పది నిమిషాలు ఇచ్చినారు గదా. ఆడు ఇంటి సంగతి అడగలేదు, పిల్ల సంగతి అడగలేదు. డ్రెస్సర్ బాబు కొస ఇచ్చినాడు, అది నీకే ఇచ్చినట్టు, నాకాడ ఉండిపోయినాది, తీసుకో అన్నాడు. నాకు వచ్చిందాకా సెప్పినాడు. ఇన్నాళ్ళూ నా నోట్లోనే ఉంది."

చెప్పింది. గొంతు పెంచలేదు. తాళం ఎక్కడా తప్పలేదు.

నోరు విప్పలేదు నూరుమంది యడుగ
నాది యన్న మాట నమిలి మింగె
కత్తి దిగిన చెట్టు కన్నీరు పెట్టదు
చెట్టు పాలు కారె చినుకు లాగ

డ్రెస్సర్ బాబు లేచి మైదానం చివర కుళాయి దాకా నడిచాడు. చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు. తిరిగొచ్చి జేబులోంచి మందు చీటీ తీసి, వెనక్కి తిప్పి, ఆమెను మళ్ళీ చెప్పమన్నాడు. ఒక్కో పాదం రాసుకున్నాడు. ఒక్క మాట మార్చలేదు. నాలుగూ అయ్యాక కలం ఎత్తి ఆమె వంక చూశాడు.

"నియమం తీసేస్తున్నానమ్మా. కింద నీ పేరు రాస్తాను."

"నా పేరొద్దు బాబూ. ఆడి పేరు రాయండి."

"ఇది నీది."

"నా పేరు ఆ ఆఫీసోళ్ళు రాసుకున్నారు గదా. ఆడిది ఈ దేశంలో ఎక్కడా లేదు. ఆ దేశంలోనూ లేదంటున్నారు. మీ కాయితం మీదైనా ఉండనీండి."

ఆయన రాశాడు. గుండ్రటి అక్షరాలు ఆయనవి. ఆ పేరు మాత్రం వంకరగా వచ్చింది. సిరా ఆరేదాకా ఊది, కాగితం నా చేతికిచ్చాడు. రాసినవాడు చదవకూడదు కదా.

"చదువు" అన్నాడు. "ఈసారి తెలుగులోనే."

చదివాను. కింద పేరుతో సహా చదివాను.